పట్నంలో పండిస్తే రైతు కాదా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సేంద్రియ సాగు మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. పేనుబంకకి ఏం కొట్టాలి, వేప పిండి ఎంత వెయ్యాలి లాంటివి వస్తాయనుకున్నాం. అవీ వచ్చాయి గానీ ఎక్కువ ఉత్తరాలు వేరే బాధతో వచ్చాయి. హైదరాబాద్ చుట్టుపక్కల, కోస్తా పట్టణాల శివార్లలో మందులు లేకుండా పండిస్తున్నవాళ్ళు రాశారు. వీళ్ళకి పంట పండించడం బాగానే వచ్చు, ఏ ఆఫీసు గుమ్మం ఎక్కాలో మాత్రం తెలియట్లేదు. వ్యవసాయ శాఖకి వెళ్తే మీది మున్సిపాలిటీ అంటారట, మున్సిపాలిటీకి వెళ్తే వ్యవసాయం మా పని కాదంటారట. అందుకే పురుగులు, తెగుళ్ళ ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఈసారి పేజీలన్నీ వీళ్ళకే ఇచ్చాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: శంషాబాద్ వైపు రెండెకరాలు కౌలుకి తీసుకుని ఆకుకూరలు, బెండ, వంగ వేస్తున్నాం. యూరియా గింజ కూడా వెయ్యం. 2024లో మా పంచాయతీని మున్సిపాలిటీలో కలిపారు. రైతు భరోసా పట్టాదారుకే పోతుంది. కౌలు కాగితం రాసిమ్మంటే ఆయన రాయనంటాడు. ప్రకృతి వ్యవసాయానికి కేంద్రం పథకం పెట్టిందని టీవీలో చూసి అడగబోతే మీది ఇప్పుడు పంచాయతీ కాదు కదా అన్నారు. మాకు ఏదీ వర్తించదా? – ఒక కౌలు రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: అమ్మా, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇప్పుడున్న పథకాల్లో మీకు నేరుగా అందేవి చాలా తక్కువ. అది మీ లోపం కాదు, పథకాలు రాసిన తీరే అలా ఉంది. ఎకరాకి ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా పట్టా పాస్‌బుక్ ఉన్నవాళ్ళకి వస్తుంది. రైతు బీమా కింద చనిపోయిన రైతు కుటుంబానికి ఇచ్చే 5 లక్షలూ పాస్‌బుక్ ఉంటేనే. పీఎం కిసాన్ 6,000 కూడా భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే. తెల్లారకముందే లేచి కూర కోసేది మీరు, కాగితంలో రైతు మాత్రం ఇంకొకరు. ఇది ఊళ్ళో కౌలు రైతులందరి కష్టమే. పట్నం అంచున ఉన్నందుకు మీకు ఇంకో కష్టం తోడైంది.

మీరు టీవీలో చూసింది జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్లతో ఆమోదించింది. అందులో 15,000 క్లస్టర్లు (దగ్గర దగ్గరగా ఉన్న పొలాల గుంపులు), కోటి మంది రైతులు అని లక్ష్యం పెట్టారు, ఆ క్లస్టర్లన్నీ ముందుకొచ్చిన గ్రామ పంచాయతీల్లో. అంతకు ముందు 2015 నుంచి ఉన్న పరంపరాగత్ కృషి వికాస్ యోజన తీసుకున్నా అంతే, ఒకే చోట 20 హెక్టార్ల క్లస్టర్ కావాలి. పట్నం అంచున ఒకే చోట 20 హెక్టార్ల పొలం ఎక్కడ దొరుకుతుంది? మధ్యలో ఒక వెంచర్, దాని పక్కన ఒక ఫంక్షన్ హాలు, ఆ వెనక మీ రెండెకరాలు. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ 51 గ్రామ పంచాయతీలని మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు పన్నులు, రోడ్లు, నల్లాల గురించే మాట్లాడుకున్నారు. ఆ ఊళ్ళలో పొలం మీద బతికేవాళ్ళ సంగతేంటన్న మాట పెద్దగా వినపడలేదు. మున్సిపాలిటీ అయితే ఉపాధి హామీ పని కూడా ఆగిపోతుంది. మీ మడుల్లో కలుపు తియ్యడానికి వచ్చే ఆడవాళ్ళకి ఎండాకాలంలో అదే ఆధారమై ఉండి ఉంటుంది.

ఇక కౌలు కాగితం. ఆసామి ఎందుకు రాయడంటే, తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం మీద జనానికి ఇప్పటికీ భయం ఉంది, కాగితం రాసిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారని. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తెచ్చిన సాగుదారుల చట్టం ఆ భయం పోగొట్టడానికే. హక్కు జోలికి పోకుండా అప్పుకి, నష్టపరిహారానికి పనికొచ్చే రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో 11 నెలల ఒప్పందం మీద సాగుదారు కార్డు వచ్చింది. కానీ అక్కడా ఆసామి సంతకం పెట్టకపోతే కార్డు రాదు, మళ్ళీ కథ మొదటికే.

రసాయనాలతో పండించే కౌలు రైతుకంటే మీకు ఈ కాగితం ఎక్కువ అవసరం. ఈ సంగతి అధికారులకి అర్థమయ్యేలా చెప్పాలి. యూరియా చల్లినవాడికి ఆ పంటలోనే ఫలితం కనిపిస్తుంది. మీరు మొదటి ఏడాది తోలించిన పెంట, కలియదున్నిన జీలుగ, పోసిన జీవామృతం (పేడ, ఆవు మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) నిజంగా పనిచెయ్యడం మొదలయ్యేది రెండో ఏటో మూడో ఏటో. గడ్డపారకి కూడా లొంగని నేల చేత్తో తవ్వితే పొడిపొడిగా రాలే స్థితికి వస్తుంది, వాన పడితే నీళ్ళు నిలబడకుండా ఇంకిపోతాయి, మడి అంచున మన్ను కాస్త కదిపితే వానపాములు కనపడతాయి. ఎగుమతులకి వాడే ఎన్‌పీఓపీ ధ్రువీకరణ నియమాల్లోనే ఏడాది పంటలకి రెండేళ్ళు, తోటలకి మూడేళ్ళు మార్పిడి కాలం (రసాయనాల నుంచి సేంద్రియానికి మారే గడువు) పెట్టారు, అంతకాలం మీ పంటని పూర్తి సేంద్రియం అని అమ్ముకోలేరు. మరి కౌలేమో ఏ ఏటికాయేడు మాట మీద నడుస్తోంది. నేల బాగుపడే సమయానికి వెంచర్ వాళ్ళు వచ్చి రాళ్ళు పాతుతారు, లేకపోతే నేల బాగుందని ఆసామే కౌలు పెంచుతాడు. అందుకే నా దృష్టిలో సబ్సిడీకంటే ముందు కావలసింది కనీసం ఐదేళ్ళ కౌలుకి చట్టం రక్షణ. అది లేకుండా పట్నం దగ్గర సేంద్రియ సాగు నిలబడదు.

ఇప్పటికిప్పుడు మీరు చెయ్యగలిగింది బ్యాంకు అప్పు వరకూ ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో నోటిమాట కౌలుదారులు కూడా అర్హులని స్పష్టంగా రాసి ఉంది. బ్యాంకులు కాగితం లేనిదే కదలవు కాబట్టి, చుట్టుపక్కల మీలాంటివాళ్ళు నలుగురి నుంచి పది మంది దాకా కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా ఏర్పడండి. ఇది గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ పద్ధతే, కౌలుదారుల కోసమే పెట్టారు. ఒకరి అప్పుకి అందరూ హామీ ఉంటారు కాబట్టి భూమి కాగితం అడగరు. మేనేజరు కాదంటే జిల్లాలో లీడ్ బ్యాంకు మేనేజరుకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇంకో మాట, మీ ఆసామి ఆ భూమిని నాలా చట్టం కింద వ్యవసాయేతర భూమిగా మార్పించాడేమో కనుక్కోండి. అలా మారిస్తే కాగితం మీద అక్కడ సాగే లేనట్టు లెక్క, రేపు వడగళ్ళ వానకి పంట పోయినా ఎవరూ రాసుకోరు.

మీ వైపు 111 జీవో అని ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, గుర్తుందా? 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు పాడవకూడదని చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. అది రైతుల కోసం తెచ్చింది కాదు. దానివల్ల భూమి రేటు పెరగలేదని ఆ ఊళ్ళవాళ్ళు బాధపడ్డారు కూడా, ఆ బాధలో న్యాయం ఉంది. కానీ పట్నం పక్కనే ఇన్నేళ్ళు పొలాలు మిగలడానికి అదీ ఒక కారణం. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామని ప్రకటించారు. సాగు చేస్తూ ఉంటే ఇంత ఇస్తామని అప్పుడే ఒక ఏర్పాటు పెట్టి ఉంటే కొందరైనా పొలం ఉంచుకునేవాళ్ళు. అటువంటిదేమీ పెట్టలేదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది మిద్దెతోట. ఇంటికి పోను మిగిలిన టమాటాలు, సొరకాయలు, గోంగూర అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో అమ్ముతున్నాను. ఒకావిడ సర్టిఫికెట్ లేకుండా ఆర్గానిక్ అని ఎలా అంటారు, కేసు పెడతాను అంటోంది. అసోసియేషన్ వాళ్ళేమో జీవామృతం డ్రమ్ము వాసన అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఇది నేరమా? – ఒక గృహిణి

జవాబు: టెన్షన్ పడకండి. రైతు తన చోట పండించిన పచ్చి కూరగాయని పండించిన చోటే ఇస్తే దానికి ఆహార భద్రతా చట్టంలోనే మినహాయింపు ఉంది. సేంద్రియ ఆహారం మీద 2017లో వచ్చిన నిబంధనలు కూడా చిన్న ఉత్పత్తిదారు నేరుగా వాడుకునేవాళ్ళకి అమ్మే అమ్మకాన్ని వేరుగానే చూశాయి. కానీ ప్యాకెట్ మీద ధ్రువీకరించిన సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ గుర్తు వెయ్యకండి, ధ్రువీకరించిన సేంద్రియం అని రాయకండి. మీరు ఏం వేశారో, ఏం కొట్టలేదో అదే గ్రూపులో పెట్టండి: పేడ ఎరువు, వేప నూనె, పుల్లటి మజ్జిగ, ఇంతే వాడాను, వచ్చి చూసుకోవచ్చు అని. కొనేవాళ్ళు ఒకసారి మేడెక్కి చూశారంటే సర్టిఫికెట్ మాట మళ్ళీ ఎత్తరు.

సర్టిఫికెట్టే కావాలంటే దారి పీజీఎస్-ఇండియా. కనీసం ఐదుగురు కలిసి గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు చూసి సంతకం పెట్టుకునే పద్ధతి, మొదట గ్రీన్, మార్పిడి పూర్తయ్యాక ఆర్గానిక్ అని ఇస్తారు. బయటి సంస్థ తనిఖీకి పెట్టే ఖర్చు ఇందులో ఉండదు. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఈ పద్ధతిని ఎప్పటినుంచో నడిపి చూపించారు. చిక్కల్లా ఏంటంటే ఫారంలో సర్వే నంబరు, విస్తీర్ణం అడుగుతారు. మేడకి సర్వే నంబరు ఎక్కడుంటుంది? కుండీలు, గ్రో బ్యాగులు, సిల్పాలిన్ మడులు లెక్కలోకి వచ్చే వరుస ఒకటి ఆ ఫారంలో చేరిస్తే సరిపోయే పని ఇది.

డ్రమ్ము విషయంలో మాత్రం అసోసియేషన్ వాళ్ళ మాట వినండి. రెండు వందల లీటర్ల నీళ్ళు, పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి అన్నది ఎకరం పొలానికి చెప్పిన లెక్క, మీ మేడకి అంత అక్కర్లేదు. ఇరవై లీటర్ల బకెట్‌లో పదో వంతు కలపండి, గోనె సంచి కప్పి నీడన పెట్టండి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పండి. తిప్పకుండా వదిలేస్తేనే కుళ్ళు వాసన వస్తుంది, సరిగ్గా తిప్పితే పులిసిన వాసన వస్తుంది, అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు. నీళ్ళ గురించి కూడా గొడవ రాబోతుంది, ముందే జాగ్రత్త పడండి. హైదరాబాద్‌లో నెలకి 20,000 లీటర్ల ఉచిత నీళ్ళు ఇంటి వాడకం లెక్క మీద ఇచ్చినవి, అపార్ట్‌మెంట్‌లో అందరి వాటా కలిసే ఉంటుంది. వంటింట్లో బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు, ఏసీ నీళ్ళు పట్టి వాడుతున్నానని చూపిస్తే సగం నోళ్ళు మూతపడతాయి.

ప్రశ్న: మీ పత్రిక పట్నం వాళ్ళ సరదాలకి ఇన్ని పేజీలు ఇవ్వడం నాకు నచ్చలేదు. ఊళ్ళో పత్తి రైతుకే దిక్కు లేదు. మేడల మీద కొత్తిమీర పెంచుకునేవాళ్ళకి సబ్సిడీలు ఎందుకండీ? – ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతుంది, అందులో సగం నిజం కూడా. సొంత మేడ ఉండి, జీతం ఉండి, ఆదివారాలు మొక్కలు చూసుకునేవాళ్ళకి డబ్బు ఇవ్వమని నేనూ అడగను. ఉన్న డబ్బు మీకే ముందు రావాలి. కానీ పైన శంషాబాద్ నుంచి రాసినావిడని చూడండి, ఆవిడకీ మీకూ తేడా ఏముంది, ఊరి పేరు పక్కన మున్సిపాలిటీ అని చేరడం తప్ప? హైదరాబాద్ చుట్టూ, విజయవాడ, గుంటూరు, విశాఖ అంచుల్లో ఆకుకూరలు పండించేవాళ్ళు ఎక్కువమంది ఇలాంటివాళ్ళే.

సబ్సిడీ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తా మీకు 266 రూపాయల 50 పైసలకి వస్తోంది. అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు, మిగతాది కేంద్రం భరిస్తోంది. ఎరువుల సబ్సిడీ ఏటా లక్షన్నర కోట్లు దాటుతోంది. అది తీసేయమని నేను అనడం లేదు, తీసేస్తే మీ సాగు కూలిపోతుంది. ఆ పక్కనే యూరియా వాడని మనిషి ట్రాక్టర్ పెంట, వేప పిండి, కానుగ పిండి పూర్తి ధర పెట్టి కొంటున్నాడు. పట్నం దగ్గర పశువులే లేవు కాబట్టి పేడ ధరకి రవాణా కూడా తోడవుతుంది. 2016లో పట్నం చెత్తతో చేసే సిటీ కంపోస్ట్‌కి టన్నుకి 1,500 రూపాయల సాయం అని కేంద్రం ప్రకటించింది. అది తయారుచేసే, అమ్మే కంపెనీల చేతికి వెళ్ళే ఏర్పాటు, తన గుంటలో తానే చెత్త కుళ్ళబెట్టి ఎరువు చేసుకునే రైతుకి అందులో పైసా దక్కలేదు. కాలనీలో వారం వారం జరిగే సంత ముగిశాక మిగిలే క్యాబేజీ ఆకులు, అరటి బోదెలు, కుళ్ళిన టమాటాలు జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి మోయడానికి కార్పొరేషన్ డీజిల్ ఖర్చు పెడుతుంది. అదే పచ్చి చెత్త ప్లాస్టిక్ కలవకుండా వేరు చేసి దగ్గర్లో ఉన్న కౌలు రైతు గట్టు మీద పోస్తే ఇద్దరికీ ఖర్చు తగ్గుతుంది. దానికి కొత్త సబ్సిడీ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

వేరే రాష్ట్రాలు చూడండి. కేరళలో కృషి భవన్ మున్సిపాలిటీల్లోనూ కార్పొరేషన్లలోనూ ఉంటుంది, పట్నంలో పండించేవాడు వెళ్ళి కూర్చోడానికి ఒక ఆఫీసు ఉంది. బిహార్‌లో పట్నా లాంటి నగరాల్లో 300 చదరపు అడుగుల మిద్దెతోటని ఒక యూనిట్‌గా లెక్కకట్టి ఉద్యాన శాఖ సాయం చేస్తోంది. మన దగ్గర కూడా ‘మన ఇల్లు – మన కూరగాయలు’ అని సగం ధరకి కిట్లు ఇచ్చారు, ఎంతోమంది మిద్దెతోట మొదలుపెట్టింది ఆ ఊపులోనే. ఆంధ్రప్రదేశ్ సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది, డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళే దాన్ని భుజాన మోశారు. అలాంటి రాష్ట్రంలో గ్రామ సచివాలయానికి వ్యవసాయ సహాయకుడో ఉద్యాన సహాయకుడో ఉంటాడు, వార్డు సచివాలయానికి మాత్రం ఆ పోస్టే లేదు.

ప్రశ్న: పీర్జాదిగూడ అవతల మూసీ పక్కన మాకు ముప్పావు ఎకరం ఉంది. పాలకూర, తోటకూర, గోంగూర. మందు కొట్టం, ఎరువు కొనం, మూసీ నీళ్ళలోనే బలం ఉంది. దీన్ని ఆర్గానిక్ అని మంచి ధరకి అమ్ముకోవచ్చా? – ఒక రైతు

జవాబు: అన్నా, అమ్ముకోకూడదు. చెప్పడానికి బాధగానే ఉంది. మందు కొట్టనంత మాత్రాన సేంద్రియం అయిపోదు, నీళ్ళు కూడా శుభ్రంగా ఉండాలి. మీ మడిలోకి వచ్చేది పట్నం వదిలిన మురుగు, దాంట్లో ఫ్యాక్టరీల నీళ్ళు కూడా కలుస్తాయి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు మట్టిలో పేరుకుంటాయి, ఆకుకూరలు వాటిని త్వరగా పీల్చుకుంటాయి. అవి కడిగితే పోవు, ఉడికించినా పోవు. రోగక్రిముల బెడద వేరే, అది తినేవాళ్ళకంటే ముందు మోకాలి లోతు నీళ్ళలో దిగే మీకే. మీ కాళ్ళకి దురద, పుండ్లు ఉంటే అశ్రద్ధ చెయ్యకండి.

ఇందులో మీ తప్పు లేదని కూడా రాయాలి. మీ తాతలు ఆ ఒడ్డున వరి పండించినప్పుడు ఏటిలో పారింది మంచి నీళ్ళు. పట్నం తన మురుగు మీ మీదికి వదిలి, ఇప్పుడు మీ కూర మంచిది కాదంటోంది. జలమండలి 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు తలపెట్టింది. ఆ శుద్ధి చేసిన నీళ్ళు ఎవరికి ఇస్తారన్న చర్చ వచ్చినప్పుడు కట్టడాలు, పార్కులతో పాటు మూసీ కింది రైతుల పేరు కూడా అందులో ఉండాలి, ఎంత శుద్ధి చేస్తే ఏ పంటకి పనికొస్తుందో మడి దగ్గరికి వచ్చి పరీక్ష చేసి చెప్పాలి. అంతవరకూ తినే ఆకు తగ్గించి బంతి, చామంతి లాంటి పూలకి మారగలిగితే మారండి. గుడిమల్కాపూర్ మార్కెట్ మీకు అందే దూరంలోనే ఉంది. బోరు ఉంటే ఆ నీళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించండి, మూసీ ఒడ్డున బోరు నీళ్ళు కూడా శుభ్రంగా ఉంటాయని నమ్మకం లేదు.

ప్రశ్న: నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మానేసి శంకర్‌పల్లి దగ్గర అర ఎకరం కౌలుకి తీసుకుని ఆర్గానిక్ చేద్దామనుకుంటున్నాను. మిద్దె మీద, షెడ్డులో పెంచినదానికి కూడా వ్యవసాయ ఆదాయమని పన్ను పడదా? – ఒక యువకుడు

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానకండి. అర ఎకరం మీద ఇల్లు గడవదు. తోటకూర, మెంతికూర నెల లోపే చేతికొస్తాయని యూట్యూబ్‌లో చెప్తారు, నిజమే. కానీ ఆ నెలలో ఒక్క గట్టి వాన పడితే మడంతా నేలకి అంటుకుపోతుంది, కోతులు ఒక్కసారి దిగితే మిగతాది పోతుంది. ముందు శని, ఆదివారాలు వెళ్ళి పక్క రైతు దగ్గర పని చెయ్యండి, కూర కట్టలు కట్టి మార్కెట్‌కి మీరే మోసుకెళ్ళండి. పక్క పొలంలో మందు కొట్టినప్పుడు గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకోండి. సేంద్రియ నిబంధనల్లో పురుగుమందు అవశేషాల హద్దు మామూలు కూరకి పెట్టిన హద్దులో 5 శాతమే, పక్కవాళ్ళ మందు తుంపర పడినా పరీక్షలో దొరికిపోతారు. సరిహద్దున కంది గానీ జొన్న గానీ ఒత్తుగా నాలుగు వరసలు వెయ్యకుండా మొదలుపెట్టొద్దు.

పన్ను సంగతికొస్తే, 2018లో హైదరాబాద్ ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ప్రత్యేక బెంచ్ ఒక పుట్టగొడుగుల కంపెనీ కేసులో, షెడ్డులో ట్రేల్లో మట్టి పోసి పెంచినా అది వ్యవసాయ ఆదాయమేనని తీర్పు చెప్పింది. మట్టి నేల మీద ఉన్నా ట్రేలో ఉన్నా మట్టే అన్నది దాని సారాంశం. మట్టి అసలే వాడని నీళ్ళ సాగుకి ఇదే వర్తిస్తుందని అనుకోవద్దు, మీ ఆడిటర్‌ని అడిగి ముందుకెళ్ళండి. గమనించారా, కంపెనీ ట్రేలోని మట్టి పన్ను దగ్గర భూమి అయింది, మీరు అదే ట్రే చూపించి రైతునని చెప్తే ఏ వ్యవసాయ ఆఫీసూ ఒప్పుకోదు.

ప్రశ్న: మేం కార్పొరేషన్ శివారులో ఉండే పదిహేను కుటుంబాలం. ఆదివారం పొద్దున ఒక పార్కు దగ్గర పేవ్‌మెంట్ మీద మా కూరలు పెట్టుకుంటాం. రెండు మూడు వారాలకోసారి సిబ్బంది వచ్చి లేపేస్తున్నారు. రైతు బజార్‌కి వెళ్తే బోర్డు మీద రేటుకే అమ్మాలంటున్నారు. ఆ రేటుకి మాకు గిట్టదు. ఏం చెయ్యాలి? – కోస్తా నుంచి ఒక మహిళా సంఘం (ఊరు పేరు వేయొద్దన్నారు)

జవాబు: 2014 వీధి వ్యాపారుల చట్టం మీకు కొంత అండ. ఆ చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. మీ దగ్గర సర్వే ఎప్పుడు జరిగింది, అందులో మీ పేర్లు ఉన్నాయా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. కానీ ఆ చట్టంలో మీలాంటివాళ్ళకి ఒక ముల్లు ఉంది: సర్టిఫికెట్ తీసుకునేవాళ్ళు తమకి వేరే జీవనాధారం లేదని రాసివ్వాలి. ఆరు రోజులు పొలంలో ఉండి ఏడో రోజు అమ్ముకునే రైతు ఆ మాట ఎలా రాసిస్తుంది? రాసివ్వకండి, రేపు అదే మీ మీదికి వస్తుంది. దాని బదులు కమిషనర్‌కి సంఘం పేరుతో ఒక అర్జీ ఇవ్వండి, ఆ పార్కు పక్క స్థలం ఆదివారం ఆరు నుంచి పది దాకా రైతుల నేరు అమ్మకానికి కేటాయించమని, మీరే ఊడ్చి ఇస్తామని, నామమాత్రం అద్దె కట్టి రసీదు తీసుకుంటామని. మీ దగ్గర కొనేవాళ్ళ చేత సంతకాలు పెట్టించండి. ఆ వార్డు ఓటర్ల సంతకాలుంటే అర్జీ కదిలే తీరు వేరుగా ఉంటుంది.

రైతు బజార్‌ని వదులుకోవద్దు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో అవి పెట్టిందే దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవడానికి. బోర్డు రేటు కొనేవాడు మోసపోకుండా పెట్టిన ఏర్పాటు, అది మంచిదే. సేంద్రియ కూరకి వేరే వరస లేకపోవడమే ఇక్కడ లోటు. పొద్దున నీళ్ళు చల్లి పెట్టిన మీ తోటకూర కట్టకి ఆకు మీద అక్కడక్కడా పురుగు తిన్న చిల్లు ఉంటుంది, పక్క బల్ల మీద మందు కొట్టిన కట్ట నిగనిగలాడుతూ ఉంటుంది. రెండింటికీ బోర్డు మీద రేటు ఒకటే అయితే కొనేవాళ్ళు ఏది తీసుకుంటారు? కొన్ని రైతు బజార్లలో ప్రకృతి వ్యవసాయానికి వేరే స్టాల్ ఇచ్చారు కాబట్టి అది మీరు కొత్తగా అడిగే వరం కాదు, అక్కడ ఇచ్చినట్టే ఇక్కడా ఇవ్వమనండి. ఎస్టేట్ ఆఫీసర్‌తో మొదలుపెట్టి జాయింట్ కలెక్టర్ దాకా వెళ్ళండి, అర్జీతో పాటు పీజీఎస్ గ్రూపు నమోదు కాగితం జతచేయండి. పదిహేను కుటుంబాలున్నారు కాబట్టి గ్రూపు కట్టడం మీకు కష్టం కాదు, ఈ సీజన్ దాటకముందే నమోదు చేసుకోండి, ఎందుకంటే మార్పిడి కాలం లెక్క మీరు నమోదైన రోజు నుంచే మొదలవుతుంది. రైతు బజార్ గుర్తింపు కార్డుకి పొలం చూడటానికి రెవెన్యూ, ఉద్యాన శాఖల వాళ్ళు వస్తారు. ఆ రోజు పొలంలో ఏ పంట ఎంత ఉందో రాసే కాగితం నకలు ఒకటి తప్పకుండా తీసుకుని దాచండి, కౌలు భూమి అయితే మీరే సాగు చేస్తున్నారని చూపించడానికి మీ చేతిలో ఉండే ప్రభుత్వ కాగితం బహుశా అదొక్కటే.